హాస్టల్‌లో మద్యం, గంజాయి నియమాలు: కొత్త ముసాయిదాకు మీ సలహాలు కావాలి

కృష్ణాతీరం (బాలుర హాస్టల్ వార్డెన్)

సభ్యులందరికీ నమస్కారం. కోస్తాలో ఒక ఇంజనీరింగ్ కళాశాలలో పాఠాలు చెబుతూ, నాలుగేళ్లుగా అక్కడి బాలుర హాస్టల్‌కు వార్డెన్‌గా కూడా ఉంటున్నాను. వచ్చే విద్యాసంవత్సరానికి మద్యం, మత్తుపదార్థాల నియమాలను కొత్తగా రాసి ఇమ్మని యాజమాన్యం నాకు అప్పగించింది. ఇప్పటిదాకా మాకు ఉన్నది ఒకే ఒక్క వాక్యం: "మద్యం గానీ మత్తుపదార్థాలు గానీ సేవించినట్లు, దగ్గర ఉంచుకున్నట్లు తెలిసిన విద్యార్థిని తక్షణమే తొలగిస్తాము." చేరిన రోజున తండ్రి చేత, కొడుకు చేత స్టాంపు కాగితం మీద ఈ వాక్యం కింద సంతకాలు పెట్టిస్తాము.

నిరుడు ఫిబ్రవరిలో జరిగిన సంగతి చెప్పకుండా సలహా అడగడం న్యాయం కాదు. రెండో సంవత్సరం కుర్రాడు ఒకడు స్నేహితుడి పుట్టినరోజు నాడు బయట తాగి వచ్చి, రాత్రి పదకొండున్నర ప్రాంతంలో గదిలో స్పృహ తప్పాడు. గదిలో ఉన్న నలుగురూ అతని మొహాన నీళ్లు చల్లారు, నిమ్మకాయ పిండి మజ్జిగ తాగించబోయారు, వాంతి చేసుకుంటే తువ్వాలుతో తుడిచి వెల్లకిలా పడుకోబెట్టారు, లోపల గడియ పెట్టుకుని తెల్లవారేదాకా కాపలా కూర్చుందామనుకున్నారు. నా గది వాళ్ల గది కింద అంతస్తులోనే ఉంది. మూడు గంటలకు ట్యాంకు నిండిందో లేదో చూడడానికి పైకి వెళ్లిన వాచ్‌మన్ గురక లాంటి వింత శబ్దం విని తలుపు కొట్టబట్టి నాకు తెలిసింది. వాంతి ఊపిరితిత్తుల్లోకి పోయిందని వైద్యులు చెప్పారు. తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉండి కుర్రాడు బతికి బయటపడ్డాడు. "నన్నెందుకు లేపలేదురా" అని మిగతా వాళ్లను అడిగితే ఒకడు అలమారు తెరిచి, మడత పెట్టి దాచుకున్న ఆ స్టాంపు కాగితం నకలు నా చేతిలో పెట్టాడు.

కాబట్టి ఈసారి రాసే నియమం ఎలా ఉండాలో తెలిసినవారు చెప్పండి. మద్యాన్నీ గంజాయినీ ఒకే గాటన కట్టవచ్చా? తల్లిదండ్రులకు ఏ దశలో చెప్పాలి? గదిలో పొట్లం దొరికితే వార్డెన్‌గా నేను చేయవలసినదేమిటి?

నల్లకోటు (న్యాయవాది)

వార్డెన్ గారూ, చట్టం దృష్టిలో మద్యం వేరు, గంజాయి వేరు. మీ పాత వాక్యంలో మొదటి లోపం అదే.

తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ 21 ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మకూడదు. అంటే మీ హాస్టల్‌లో ఉన్నవాళ్లలో ఎక్కువమందికి దుకాణంలో అది అందనే కూడదు. 21 దాటిన విద్యార్థి బయట తాగి, ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా వచ్చి పడుకుంటే, హాస్టల్ క్రమశిక్షణకు అది విరుద్ధం కావచ్చు గానీ దానంతట అది నేరం కాదు. అదే విద్యార్థి తాగి బండి నడిపితే మాత్రం మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ కిందికి వస్తాడు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉంటే మొదటిసారికే ఆరు నెలల దాకా జైలు గానీ, 10,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు.

గంజాయి, చరస్, రసాయన మత్తుమందులైన ఎండీఎంఏ, ఎల్‌ఎస్‌డీ వంటివి 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కిందికి వస్తాయి. అక్కడ శిక్ష దొరికిన బరువును బట్టి మారుతుంది. గంజాయి ఒక కిలో దాకా స్వల్ప పరిమాణం, 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం. స్వల్ప పరిమాణానికి ఏడాది దాకా కఠిన కారాగారం గానీ 10,000 రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ. వాణిజ్య పరిమాణానికి పదేళ్లకు తగ్గకుండా ఇరవై ఏళ్ల దాకా జైలు, కనీసం లక్ష రూపాయల జరిమానా, పైగా 37వ సెక్షన్ కింద బెయిలు దొరకడం కూడా చాలా కష్టం. మధ్యలో ఉన్న పరిమాణానికి పదేళ్ల దాకా పడవచ్చు. ఎండీఎంఏ విషయంలో స్వల్ప పరిమాణం అరగ్రాము మాత్రమే, పది గ్రాములు దాటితే వాణిజ్య పరిమాణం. పది గ్రాములంటే రెండు చెంచాల పంచదార. అందులో కలిపిన కల్తీ పదార్థం బరువు కూడా లెక్కలోకి వస్తుందని సుప్రీంకోర్టు 2020లో తీర్పు చెప్పింది. "కొద్దిగానే ఉంది కదా" అన్న ధీమాతో పిల్లలు చెడిపోయేది ఇక్కడే.

నలుగురు చందాలు వేసుకుని ఒకణ్ణి పంపి తెప్పించుకుంటే దొరికేది తెచ్చినవాడే అయినా, ప్రేరేపణ, కుట్రలకు సంబంధించిన 29వ సెక్షన్ మిగతావాళ్ల మీద కూడా పెట్టవచ్చు. ఈ సంగతి ప్రవేశాల రోజునే చెప్పాలి.

ఇక మీ మూడో ప్రశ్న. పొట్లం దొరికితే దాన్ని మీ టేబులు సొరుగులో పెట్టుకోకండి. ఆ క్షణం నుంచి అది మీ దగ్గర దొరికిన గంజాయి అవుతుంది. మరుగుదొడ్డిలో పారబోయకండి, అది సాక్ష్యం మాయం చేయడం అవుతుంది. ఉన్నచోటే ఉంచి, మరో ఇద్దరు సిబ్బందిని పిలిచి, సమయం, గది నంబరు, ఎవరెవరు ఉన్నారో రాసి సంతకాలు తీసుకుని, కళాశాల అధిపతి ద్వారా పోలీసులకు తెలియజేయండి. తెలిసి తెలిసి తన అధీనంలోని గదిని ఇలాంటి పనికి వాడనిస్తే, ఆ గది మీద అధికారం ఉన్నవారు కూడా 25వ సెక్షన్ కింద శిక్షార్హులే.

రెండో అంతస్తు (నాలుగో సంవత్సరం విద్యార్థి)

వార్డెన్ సార్, మాది వేరే కళాశాల, కానీ స్టాంపు కాగితం అదే. ఆ నలుగురు కుర్రాళ్ల స్థానంలో నేను ఉన్నా నిమ్మకాయ పిండిన మజ్జిగే వెతికేవాణ్ణేమో. నా మనసులో లెక్క ఇలా నడిచేది: ఫోను చేస్తే వీడి చదువు కచ్చితంగా పోతుంది, చేయకపోతే ప్రాణం బహుశా పోదు. కచ్చితంగా జరిగేదానికే భయపడతాము సార్, బహుశా జరిగేదానికి కాదు. వీటిలో ఏది కచ్చితం, ఏది అనుమానం అన్నది తారుమారు చేయగలిగినవాళ్లు మీరే.

పాత గురువు (విశ్రాంత ప్రిన్సిపాల్)

ముప్పై నాలుగేళ్లు కళాశాలల్లో పనిచేసినవాడిగా నా అభిప్రాయం వేరుగా ఉంది, పెద్దమనసుతో వినండి. నియమం మెత్తబడిందన్న కబురు హాస్టల్‌లో ఒక్క పూటలో పాకుతుంది. ఒక గదిలో ఒకడు మొదలుపెడితే దసరా సెలవులకు ఆ వరుస, సంక్రాంతికి ఆ అంతస్తు పోతుంది. నేను కళ్లారా చూశాను. పల్లె నుంచి వచ్చిన పిల్లవాడు, తండ్రి ఎకరం అమ్మి ఫీజు కట్టినవాడు, పక్క మంచం వాడి పుణ్యమా అని పాడైపోతే ఆ తండ్రికి జవాబు ఎవరు చెప్పాలి? తాగినవాడి మీద జాలి చూపించేముందు, తాగకుండా చదువుకుంటున్న మూడు వందల తొంభై మందిని గుర్తుపెట్టుకోవాలని నా మనవి. సీనియర్లు జూనియర్ల చేత బలవంతంగా తాగించడం కూడా నాకు తెలుసు. దానికి 1997 నాటి ర్యాగింగ్ నిషేధ చట్టం ఉంది, అందులో దయకు చోటు లేదు.

మనోవైద్యం (మానసిక వైద్యురాలు)

పాత గురువు గారి బాధ నాకు అర్థమవుతోంది, తాగని పిల్లల గురించి వారన్నది నిజం కూడా. అయితే వైద్యం వైపు నుంచి కొన్ని సంగతులు చెప్పాలి.

ముందు ఆ రాత్రి గురించి. స్పృహ తప్పిన తర్వాత కూడా కడుపులో ఉన్న మద్యం రక్తంలోకి ఎక్కుతూనే ఉంటుంది. "పడుకుంటే దిగిపోతుంది" అన్నది అందుకే ప్రమాదకరమైన మాట. పిలిచినా గిల్లినా లేవకపోవడం, నిమిషానికి ఎనిమిది సార్ల కంటే తక్కువ ఊపిరి తీయడం, ఒక ఊపిరికీ మరో ఊపిరికీ మధ్య పది సెకన్లు దాటడం, ఒళ్లు చల్లబడి పెదవులు నీలంగా మారడం, స్పృహ లేకుండానే వాంతి కావడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా 108కి ఫోను చేయాలి. బండి వచ్చేలోగా మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, పై కాలు మోకాలి దగ్గర మడిచి ముందుకు పెడితే మళ్లీ వెల్లకిలా దొర్లకుండా ఉంటాడు. నోట్లో ఏమీ పోయకూడదు. మజ్జిగ, నిమ్మరసం, కాఫీ, ఏదైనా సరే, మింగలేని మనిషికి అది ఊపిరితిత్తుల్లోకే పోతుంది. చన్నీళ్ల స్నానం చేయించకూడదు. ఏమేం తీసుకున్నాడో, ముఖ్యంగా మద్యంతో పాటు నిద్రమాత్రలేమైనా మింగాడా అన్నది, దాచకుండా వైద్యుడికి చెప్పాలి, ఎందుకంటే ఆ రెండూ కలిస్తే ఊపిరి ఆగిపోవచ్చు. స్టాంపు కాగితం భయం ఉన్న పిల్లవాడు దాచేది సరిగ్గా ఈ సంగతినే.

రెండో విషయం, రోజూ తాగే అలవాటు పడిన వ్యక్తిని ఒక్కసారిగా గదిలో పెట్టి మాన్పించకూడదు. హఠాత్తుగా మానితే కొందరికి మూర్ఛలు వస్తాయి, రెండు మూడు రోజుల్లో మతిభ్రమ స్థితి రావచ్చు, ప్రాణాపాయం కూడా ఉంటుంది. తండ్రులు కొడుకులను ఊరికి తీసుకుపోయి పొలం దగ్గర గదిలో పెట్టి తాళం వేసిన సందర్భాలు నేను చూశాను. ప్రేమతోనే చేస్తారు.

మూడోది పరీక్షలు. ఈ మధ్య చాలా కళాశాలలు మూత్రపరీక్ష కిట్లు కొని వరసగా పిల్లలకు పరీక్షలు చేస్తున్నాయి. గంజాయి ఆనవాలు ఎప్పుడో ఒకసారి వాడినవాళ్లలో కొద్ది రోజులే కనిపిస్తుంది, రోజూ వాడేవాళ్లలో నెల దాకా ఉండవచ్చు. అందువల్ల కిట్ మీద పడిన గీత చూసి "ఈ రోజు తాగి తరగతికి వచ్చాడు" అనడం తప్పు. మన వంటింటి గసగసాలు దండిగా తిన్నా, కోడీన్ ఉన్న దగ్గుమందు తాగినా నల్లమందు రకం మత్తుపదార్థాలను పట్టే పరీక్ష అవును అని చూపించవచ్చు. మసాలా దండిగా వేసిన ఆదివారం కోడికూర తిన్న పిల్లవాణ్ణి సోమవారం దోషిగా నిలబెట్టే నియమం రాయకండి. కిట్ ఫలితాన్ని ప్రయోగశాలలో నిర్ధారించకుండా ఏ శిక్షా వేయకూడదని ముసాయిదాలో రాసి తీరాలి.

కరీంనగర్ నాన్న

నేను ఈ వేదికలో చదవడమే తప్ప రాసింది లేదు. పాత గురువు గారు తండ్రికి జవాబు ఎవరు చెప్పాలి అన్నారు కాబట్టి ఆ తండ్రుల్లో ఒకడిగా రాస్తున్నాను.

మా వాడు ఇంటర్‌లో మంచి మార్కులు తెచ్చుకుని నగరంలో ఒక కళాశాలలో చేరాడు. మూడో సంవత్సరంలో ఒకరోజు ఉదయం పది గంటలకు ఫోను వచ్చింది, వచ్చి మీ అబ్బాయిని తీసుకుపొమ్మన్నారు. వెళ్తే ఆఫీసులో బల్ల మీద టీసీ, పక్కన వాడి సామాను రెండు సంచుల్లో కట్టి పెట్టి ఉన్నాయి. గంజాయి తాగుతూ దొరికాడన్నారు. తప్పే, కాదనను. నేను ఒక్కటే అడిగాను, హాజరు ఎంత ఉందని. కంప్యూటరులో చూసి 41 శాతం అన్నారు. అంతకు ముందు సెమిస్టరులో 88 ఉండేది. సగానికి సగం పడిపోయినప్పుడు ఒక్క ఫోను రాలేదు, సామాను కట్టేటప్పుడు వచ్చింది.

ఇంటికి తెచ్చాక మా వాడికి చదువు లేదు, స్నేహితులు లేరు, ఊళ్లో మొహం ఎత్తే దారి లేదు. మిగిలింది ఆ సరుకు ఇచ్చేవాడి ఫోను నంబరు ఒక్కటే. ఆరు నెలలు ఎలా గడిచాయో రాయలేను. చివరికి మా బావమరిది ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి తీసుకుపోదామన్నాడు. ఎర్రగడ్డ అన్న మాట మా వైపు తిట్టుగా వాడతారు. మా ఇంటావిడ రెండు రోజులు అన్నం ముట్టలేదు. అయినా వెళ్లాము. అక్కడ ఒక డాక్టరమ్మ మా వాణ్ణి "ఏం చదువుతున్నావు బాబూ" అని అడిగింది. "చదువుతున్నావు" అంది, "చదివేవాడివి" అనలేదు. వాడు అక్కడే ఏడ్చాడు. ఇప్పుడు వేరే చోట డిగ్రీ పూర్తిచేస్తున్నాడు.

అయ్యా, శిక్ష వద్దని నేను అనడం లేదు. నాకు ముందుగా చెప్పమంటున్నాను.

నల్లకోటు (న్యాయవాది)

కరీంనగర్ నాన్న గారు రాసినది చదివాక, మొదటి సమాధానంలో వదిలేసిన ఒక సెక్షన్ గురించి చెప్పాలి. మాదకద్రవ్యాల చట్టంలో 64ఏ అని ఒకటి ఉంది. వ్యసనానికి లోనైన వ్యక్తి సేవించిన నేరం మీద గానీ, స్వల్ప పరిమాణానికి సంబంధించిన నేరం మీద గానీ అభియోగం ఎదుర్కొంటున్నప్పుడు, ప్రభుత్వం నడిపే లేదా గుర్తించిన చికిత్సాకేంద్రంలో తనంతట తాను చేరి చికిత్స పొందితే, ఆ నేరానికి అతణ్ణి ప్రాసిక్యూట్ చేయకూడదు. చికిత్స మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు. నేరం రుజువయ్యాక కూడా, జైలుకు బదులు చికిత్సకు పంపే అధికారం 39వ సెక్షన్ కింద కోర్టుకు ఉంది. అంత కఠినమైన కేంద్ర చట్టమే రోగికి ఒక తలుపు తెరిచి ఉంచినప్పుడు, హాస్టల్ నియమం ఆ తలుపు మూసేయడం ఏం సబబు?

ఇంకొకటి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మద్యం, మాదకద్రవ్యాల దుర్వినియోగంతో ముడిపడిన మానసిక స్థితులు కూడా మానసిక అనారోగ్యం నిర్వచనంలోకే వస్తాయి. కాబట్టి ఆ చికిత్స వివరాలు గోప్యంగా ఉండాలి. నోటీసు బోర్డు మీద పేరు, రోల్ నంబరు అంటించే అలవాటు ఏ కళాశాలలో ఉన్నా అది వెంటనే మానుకోవలసిందే.

ప్రవాస విద్యార్థి (అమెరికా, టెక్సస్)

ఇక్కడి పద్ధతి గురించి నాలుగు మాటలు రాస్తాను, మనవాళ్లు ఏటా వేలమంది వస్తున్నారు కాబట్టి అవసరమే.

అమెరికాలో కేంద్ర ప్రభుత్వ నిధులు తీసుకునే ప్రతి విశ్వవిద్యాలయం 1989 నాటి చట్టం ప్రకారం తన మద్యం, మాదకద్రవ్య నియమాలను, చట్టపరమైన శిక్షలను, ఆరోగ్య నష్టాలను, సహాయం దొరికే చోట్లను రాతపూర్వకంగా ప్రతి విద్యార్థికీ ఏటా ఇవ్వాలి. రెండేళ్లకోసారి ఆ నియమాలు పనిచేస్తున్నాయో లేదో సమీక్షించుకోవాలి. సమీక్ష అన్నమాట మన దగ్గర ఎక్కడా వినపడదు. వార్డెన్ గారు అడిగిన అసలు సమస్యకు కార్నెల్ విశ్వవిద్యాలయం 2002లోనే ఒక దారి వేసింది. తాగి ప్రమాదంలో పడినవాడి కోసం ఎవరైనా ఫోను చేస్తే, ఫోను చేసినవాడి మీదా, ఆ రోగి మీదా తాగినందుకు క్రమశిక్షణ చర్య ఉండదు, రోగి మాత్రం తర్వాత సలహాదారును కలవాలి. తర్వాత సంవత్సరాల్లో అక్కడ సహాయం కోసం ఫోన్లు పెరిగాయని ఆ విశ్వవిద్యాలయం వాళ్లే ప్రచురించారు. ఇప్పుడు చాలాచోట్ల ఇలాంటి నియమం ఉంది.

తల్లిదండ్రుల విషయంలో ఇక్కడ మన దగ్గరికి పూర్తిగా వ్యతిరేకం. విద్యార్థి రికార్డులు తల్లిదండ్రులకు కూడా సాధారణంగా ఇవ్వరు. అయితే 21 ఏళ్లలోపు విద్యార్థి మద్యం, మత్తుమందుల నియమాలు మీరితే తల్లిదండ్రులకు తెలియజేయవచ్చని 1998లో చట్టం సవరించారు. తెలియజేయాలని కాదు, తెలియజేయవచ్చని.

మన పిల్లలకు ప్రత్యేకంగా ఒక హెచ్చరిక. కొన్ని రాష్ట్రాల్లో గంజాయి బోర్డు పెట్టి అమ్ముతారు, కొలరాడో, వాషింగ్టన్ 2012లోనే ఆమోదించాయి. అయినా కేంద్ర చట్టం దృష్టిలో అది నేరమే, వీసాలు ఇచ్చేది కేంద్రమే. వాడానని వలస అధికారి ముందు ఒప్పుకోవడం కూడా, కేసు లేకపోయినా, మళ్లీ దేశంలోకి రానివ్వకపోవడానికి కారణం కావచ్చు. తాగి కారు నడిపి అరెస్టయితే కోర్టు తీర్పు రాకముందే వీసా రద్దయ్యే అవకాశం ఉంది. నా గదిలో ఉండే ఒక తమ్ముడికి అలా జరిగింది. పండుగకు ఇంటికి వెళ్లడానికి కొన్న టికెట్టు రద్దు చేసుకున్నాడు, దేశం దాటితే కొత్త వీసా దొరుకుతుందన్న నమ్మకం లేక.

బాలికల హాస్టల్ అధ్యాపకురాలు

ఇంతసేపూ అబ్బాయిల గురించే మాట్లాడుతున్నాం. మా దగ్గర తాగే అమ్మాయిల సంఖ్య తక్కువే, కానీ దాచడం పదింతలు. అబ్బాయి దొరికితే చదువు పోతుందని భయం. అమ్మాయి దొరికితే చదువు ఆపి పెళ్లి చేసేస్తారని భయం. నాకు తెలిసిన ఒక విద్యార్థిని పరీక్షల ముందు నిద్ర పట్టక మందుల దుకాణంలో చీటీ లేకుండా నిద్రమాత్రలు కొనడం మొదలుపెట్టి, ఆరు నెలల్లో అవి లేకుండా చేతులు వణికే స్థితికి వచ్చింది. మీ ముసాయిదాలో "మద్యం, గంజాయి" అని మాత్రమే రాస్తే ఆ అమ్మాయి ఎక్కడా కనపడదు. మందుల దుకాణం నుంచి వచ్చే మాత్రలు, దగ్గుమందుల పేరు కూడా రాయండి. తల్లిదండ్రులకు చెప్పే నియమంలో, ఇంట్లో హింస జరుగుతుందని విద్యార్థి చెప్పినప్పుడు, ముందు వైద్యుల సలహా తీసుకుని ఆ తర్వాతే చెప్పాలని ఒక మినహాయింపు పెట్టండి.

పాత గురువు (విశ్రాంత ప్రిన్సిపాల్)

కరీంనగర్ నాన్న గారి ఉత్తరం రెండుసార్లు చదివాను. నేను సంతకం పెట్టిన టీసీలు కొన్ని గుర్తుకు వచ్చాయి. ఆ పిల్లలు తర్వాత ఏమయ్యారో నేను ఎప్పుడూ కనుక్కోలేదు. తాగి దొరికినవాడికి మొదటిసారి చికిత్స, తల్లిదండ్రుల సమక్షంలో మాట, హాజరు మీద నిఘా అన్నదానికి నేను ఒప్పుకుంటున్నాను. అమ్మేవాడి విషయంలో మాత్రం నా మాట మార్చను. వాడు ఆ రోజే బయటకు పోవాలి, పోలీసులకు చెప్పాలి.

రెండో అంతస్తు (నాలుగో సంవత్సరం విద్యార్థి)

మాస్టారూ, అమ్మేవాడంటే మీ మనసులో బయటి నుంచి సంచి పట్టుకుని వచ్చే మనిషి ఉన్నాడేమో. మా దగ్గర అలా ఉండదు. మొదట ఒక విద్యార్థికి ఎవడో ఊరికే ఇస్తాడు, తర్వాత అప్పు పెడతాడు, అప్పు తీర్చలేనప్పుడు "నీ స్నేహితులకు నాలుగు పొట్లాలు ఇచ్చి రా, లెక్క సరిపోతుంది" అంటాడు. అప్పటి నుంచి ఆ విద్యార్థి చట్టం ప్రకారం అమ్మకందారు. అలాంటివాడు బయటపడాలనుకుంటే ఎవరి దగ్గరికి రావాలి? పోలీసులకు చెప్పవద్దని నేను అనడం లేదు. తనంతట తాను వచ్చి చెప్పినవాణ్ణి, పట్టుబడినవాణ్ణి ఒకేలా చూడవద్దంటున్నాను.

నల్లకోటు (న్యాయవాది)

ఈ తేడా న్యాయమైనదే, కానీ అమ్మకం విషయంలో కళాశాల హామీ ఇవ్వజాలదు, ఇవ్వకూడదు. తనంతట తాను వచ్చినవాడికి ముందు న్యాయవాదిని చూపించండి, తర్వాత సమాచారం పోలీసులకు చేరవేయండి. పేరు చెప్పకుండా సమాచారం ఇవ్వడానికి ఆంధ్రప్రదేశ్‌లో ఈగల్ అనే మాదకద్రవ్యాల నిరోధక విభాగం నంబరు 1972 ఉంది, తెలంగాణలో 1908, కేంద్రం నడిపే మానస్ నంబరు 1933. వ్యసనం మాన్పించే సలహా కోసం 14446. మనసు బాగాలేనప్పుడు మాట్లాడడానికి టెలి మానస్ 14416.

కృష్ణాతీరం (బాలుర హాస్టల్ వార్డెన్)

అందరికీ కృతజ్ఞతలు. మీ సలహాలు కలుపుకుని రాసిన ముసాయిదాలోని ముఖ్యమైన భాగం ఇక్కడ పెడుతున్నాను.

"తోటి విద్యార్థి మత్తులో ప్రమాదంలో ఉన్నాడని అనుమానం వస్తే ముందు 108కి, తర్వాత వార్డెన్‌కు ఫోను చేయాలి. ఫోను చేసినవారి మీద గానీ, ఆసుపత్రికి చేరినవారి మీద గానీ సేవించినందుకు కళాశాల ఏ చర్యా తీసుకోదు. మద్యం, గంజాయి, ఇతర మాదకద్రవ్యాలు, వైద్యుడి చీటీ లేని మత్తుమాత్రలు, దగ్గుమందులు హాస్టల్‌లో ఉండకూడదు. సేవించినట్లు తేలిన విద్యార్థికి మొదటిసారి రాతపూర్వక నోటీసు, తన మాట చెప్పుకునే అవకాశం, వైద్యుడి పరిశీలన ఉంటాయి. తల్లిదండ్రులకు వారంలోగా తెలియజేస్తాము, ఇంట్లో అపాయం ఉందని విద్యార్థి చెప్పిన సందర్భంలో వైద్యుల సలహా తర్వాతే తెలియజేస్తాము. కిట్ పరీక్ష ఒక్కదాని ఆధారంగా ఎవరినీ శిక్షించము. ఇతరులకు అందించడం, అమ్మడం, బలవంతంగా తాగించడం జరిగితే హాస్టల్ నుంచి వెంటనే తాత్కాలికంగా తొలగించి పోలీసులకు తెలియజేస్తాము, తుది నిర్ణయం విచారణ తర్వాతనే. ఏ విద్యార్థి హాజరైనా నెలలో 20 శాతం పడిపోతే, కారణం ఏదైనా, తరగతి సలహాదారు ఇంటికి ఫోను చేయాలి. మొదటిసారి దొరికిన విద్యార్థి క్షమాపణ పత్రం రాసి ఇవ్వాలి."

నల్లకోటు (న్యాయవాది)

చివరి వాక్యం తీసేయండి. "నేను గంజాయి తాగాను, క్షమించండి" అని విద్యార్థి చేత రాయించి ఫైలులో పెట్టిన కాగితం రేపు అతని మీదే సాక్ష్యంగా రావచ్చు, ఉద్యోగంలో చేరేముందు జరిగే విచారణలో పైకి తేలవచ్చు. చికిత్సకు హాజరయ్యాడన్న వైద్యుడి చీటీ చాలు, అది కూడా మూసిన కవరులో.

మనోవైద్యం (మానసిక వైద్యురాలు)

ఆ మొదటి వాక్యంలో "అనుమానం వస్తే" అన్న మాట బాగుంది, దాన్ని ఎవరు మార్చమన్నా మార్చకండి. నిర్ధారించుకుని ఫోను చేద్దామనుకుంటేనే గంటలు పోతాయి.

రెండో అంతస్తు (నాలుగో సంవత్సరం విద్యార్థి)

సార్, దీన్ని నోటీసు బోర్డు మీద పెడితే ఎవరూ చదవరు. ప్రతి గది తలుపుకు లోపలి వైపు, గడియ పక్కన అంటించండి. తెలుగులో, పెద్ద అక్షరాల్లో. ఆ సమయంలో మా చెయ్యి వెళ్లేది గడియ దగ్గరికే.

కృష్ణాతీరం (బాలుర హాస్టల్ వార్డెన్)

నిన్న యాజమాన్యం సమావేశం జరిగింది. క్షమాపణ పత్రం తీసేశాము. "ఏ చర్యా తీసుకోదు" అన్న మాట మీద గంటన్నర వాదన నడిచింది. ఒక సభ్యుడు "మొదటిసారికి మాత్రమే" అని చేర్చాలని పట్టుబట్టారు, రెండోసారి ప్రాణం అక్కర్లేదా అని నేను అడిగాను. ప్రస్తుతానికి ఒక సంవత్సరం పాటు నా మాటే ఉంటుంది, వచ్చే జూన్‌లో మళ్లీ చూస్తారు. స్టాంపు కాగితం ఉంటుంది, కానీ అందులో మొదటి వాక్యం 108 గురించి ఉంటుంది, చేరిన రోజున తండ్రి, కొడుకు ఇద్దరికీ నేనే చదివి వినిపిస్తాను. గదుల తలుపులకు లోపలి వైపు, గడియకు ఎడమ పక్కన అంటించడానికి 140 కాగితాలు ముద్రణకు ఇచ్చాను. నా ఫోను నంబరు కింద "ఏ వేళకైనా" అని రాయించాను.